బయటి గొళ్లెం

"మొన్న జీపుల వచ్చి మా పోరని బ్యాగు నడి వాకిట్ల గుమ్మరిచ్చినవ్. ఇయ్యాల ఏం గుమ్మరిస్తవ్ మేడం?"

అనసూర్య గడప లోపలే నిలబడి అడిగింది. లోపలికి రమ్మనలేదు. ఎస్సై యమున ఆ కంపెనీ క్వార్టర్ ముందు ఎండలో నిలబడిపోయింది. పక్క గుమ్మాల్లో ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. రెండు వారాల కిందట కూడా వాళ్లు ఇలాగే చూశారు. ఆ రోజు తల దించుకుని నిలబడింది అనసూర్య కొడుకు రుత్విక్.

విద్యాంకుర ఇంజనీరింగ్ కాలేజీలో రెండో సంవత్సరం చదివే ఆ కుర్రాడి ప్రవర్తన ప్రమాదకరంగా ఉందని కాలేజీ 'కేర్ టీం' తేల్చింది. విద్యార్థుల్లో తేడా కనిపిస్తే ముందే పసిగట్టడానికి శిక్షణ తీసుకున్న బృందం అది. పోలీసుల తరఫున యమున కూడా అందులో సభ్యురాలు. బృందం మాట మీదే వచ్చి బ్యాగు సోదా చేసింది. రెండు పుస్తకాలు, ఒక ఖాళీ టిఫిన్ డబ్బా తప్ప ఏమీ దొరకలేదు. అయినా కాలేజీ అతణ్ణి సస్పెండ్ చేసింది. ఆమె తీసుకెళ్లిన అతని ఫోను ఇప్పటికీ స్టేషన్ బీరువాలోనే ఉంది.

"రుత్విక్ ఏడున్నడక్కా?"

"బెల్లంపల్లికి పోయిండు. నిన్న పొద్దుగాల. వాళ్ల చిన్నమ్మ తానికి."

"వాని ఫోన్ల ఉన్న నంబర్లన్నిటికి చేసినం. చిన్నమ్మ తానికి రాలేదట."

అనసూర్య చెయ్యి గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది. ఇందాకటి కోపం ముఖంలోంచి దిగిపోయి, భయం వచ్చి కూర్చుంది.

"నిన్న పొద్దుమీకి కాలేజి ఎనుక గోడ దుంకుతుంటె వాచ్‌మన్ చూసిండు. తెల్లారి చూస్తె టెర్రస్ తాళం ఖరాబైంది. నేను సోదాకు రాలే అక్కా. పిలగాడు దొరకాలె, గంతే. ఈ నడుమ ఏమన్న తేడ కనవడ్డదా?"

"మాటలు తక్వైనయ్. బువ్వ ఎక్వైంది."

"అంటే?"

"దసర కాంచి డబ్బల ఇద్దరికి సరిపోను పెట్టుమంటుండు. ఎవలికిరా అంటె దోస్తుకు అంటడు. కాలేజిల కెల్లి ఎల్లగొట్టినంక గూడ ఆపలే. రోజు పొద్దుమీకి డబ్బ కట్టుకొని సైకిల్ మీద పోయేటోడు."

"ఏ దోస్తు?"

అనసూర్య ఆమె కళ్లలోకి సూటిగా చూసింది. "దోస్తులు ఎవ్వరు లేరనే గదా వాని మీద మీరు రాసుకున్నది?"

యమున జీపు వైపు తిరిగింది. వెనకనుంచి గొంతు వినిపించింది. "వాళ్ల నాయిన బొగ్గు బాయి దిగిండు. షిఫ్టు అయి పైకి ఎక్కేవరకు నా కొడుకు ఇంట్ల ఉండాలె."

* * *

ప్రిన్సిపాల్ కమలకుమారి గదిలో ముగ్గురు ఎదురుచూస్తున్నారు. బల్ల వెనక ఆమె. పక్కన చక్రపాణి. ఏదో పెద్ద సెక్యూరిటీ కంపెనీలో పనిచేసి, ఇప్పుడు కాలేజీల్లో ఇలాంటి బృందాలకు శిక్షణ ఇస్తూ తిరిగే మనిషి. మూలన, కిటికీకి వీపు పెట్టి, సర్వే ల్యాబ్ ఇన్‌చార్జ్, కేర్ టీం సభ్యుడు రఘుపతి. నలభై దాటి ఉండవు కానీ ముఖం చూస్తే అంతకంటే చాలా పెద్దవాడిలా ఉన్నాడు.

"సాయంత్రం తల్లిదండ్రుల మీటింగ్ రద్దు చేయించండి మేడం గారూ," చక్రపాణి ప్రిన్సిపాల్‌తో అంటున్నాడు. "కుర్రాడి ఫోటో అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ పెడదాం. 'ఇతను ప్రమాదకరం, కనిపిస్తే చెప్పండి' అని."

"ఫోటో పెట్టొద్దు," అంది యమున కూర్చోకుండానే.

"ఎందుకటండీ?"

"వాడు ఏం చేసిండో ఇంక తెల్వదు గనుక."

చక్రపాణి నవ్వాడు. "రోజూ సాయంత్రం టెర్రస్ మెట్ల మీద ఒంటరిగా కూర్చుంటాడు. ఎందుకురా అంటే పలకడు. అక్కడికి లేడీస్ హాస్టల్ కనిపిస్తుంది. సస్పెండ్ చేశాక కూడా గోడ దూకి వచ్చి తాళం పాడుచేశాడు. ఇంకేం కావాలమ్మా మీకు? అంజి విషయంలో ఇలాంటి బృందం లేకే కదా అంత ఘోరం జరిగింది!"

అంజి నిరుడు హాస్టల్ గదిలో చనిపోయిన విద్యార్థి. లోపల గొళ్లెం పెట్టుకుని ప్రాణం తీసుకున్నాడని కేసు మూసేశారు. మొదట చూసింది రఘుపతి. ఆ పేరు వినగానే అతని వేళ్లు ఒకదాన్నొకటి నలపడం మొదలుపెట్టాయి.

"ఆ కుర్రాడు పోయిన రెండు వారాలకు మేడం గారు నన్ను పిలిపించారు," చక్రపాణి గర్వంగా అన్నాడు. "అంతకుముందు ఈ కాలేజీ గేటు కూడా చూసినవాణ్ణి కాదు. ఏడాదిలో ఎంత మార్పు తెచ్చామో చూడండి."

"సార్," యమున రఘుపతిని పిలిచింది. "టెర్రస్ తాళం చెవి ఎవరి తాన ఉంటది?"

"నా తాననే."

"ఇంకోటి?"

"లేదు."

"రుత్విక్ అక్కడెందుకు కూసుంటడో మీకు తెల్సా?"

రఘుపతి నోరు తెరిచాడు. చక్రపాణి అతని వైపే చూస్తున్నాడు. "నాకు క్లాసున్నది మేడం," అని రఘుపతి లేచి వెళ్లిపోయాడు.

యమున టోపీ చేతిలోకి తీసుకుంది. "సాయంత్రం దాక ఫోటో ఎవరికీ పోవద్దు."

"బ్యాగు సోదా చేసింది మీరే కదండీ!" చక్రపాణి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ రోజు లేని జాలి ఇవాళెక్కడిది?"

చెంపలు వేడెక్కడం యమునకు తెలిసింది. వెంట వచ్చిన కానిస్టేబుల్ నర్సింగం చూపు పక్కకు తిప్పుకున్నాడు.

* * *

టెర్రస్ తలుపు మూడో అంతస్తు పైన, మెట్ల చివర ఉంది. ఇనుప తలుపు, పెద్ద తాళం. యమున టార్చి వేసి తాళం తిప్పి చూసింది. గీత కూడా పడలేదు. చెవి దూరే రంధ్రంలో మాత్రం పైపుల లీకులు మూసే ఎమ్‌సీల్ ముద్ద కూరి ఉంది. రాయిలా గట్టిపడింది.

"చూశారా విధ్వంసం?" వెనకే వచ్చిన చక్రపాణి అన్నాడు.

"పైకి పోవాలనుకున్నోడు తాళం పగలగొడ్తడు. వీడు మూసిండు. తనకే కాదు, ఇంకెవ్వలకీ తెరవరాకుండ మూసిండు."

కుర్రాడు కూర్చునే చోటు కనిపెట్టడం కష్టం కాలేదు. అందరికీ తెలిసిందే. పైనుంచి రెండో మెట్టు. యమున వెళ్లి అక్కడే కూర్చుంది. లేడీస్ హాస్టల్ కాదు కదా, ఆకాశం కూడా కనిపించలేదు. గోడకు ఉన్న ఒకే ఒక్క వెంటిలేటర్ తలకంటే చాలా ఎత్తులో ఉంది. అక్కడినుంచి సూటిగా కనిపిస్తున్నది ఒక్కటే, కింద వరండాలో సర్వే ల్యాబ్ తలుపు.

"మీరెవరన్న ఎప్పుడన్న ఇక్కడ కూసొని చూసిన్రా?"

చక్రపాణి కూడా వంగి చూశాడు. ఒక్క క్షణం తడబడి వెంటనే సర్దుకున్నాడు. "అంటే రఘుపతి గారి మీద కన్నేశాడన్నమాట! నేను చెబుతూనే ఉన్నాను, దాడి చేసే రకం అని."

తాళం సంగతి మొదట చూసింది అటెండర్ ముత్యం అని కాలేజీవాళ్లు చెప్పారు. యమున అతణ్ణి పిలిపించింది.

"నేను కాదు మేడం, రఘుపతి సారే మొదలు చూసిండు," ముత్యం అన్నాడు. "నేను పొద్దుగాల ఊడ్వ వస్తె, సార్ చెవి దూర్చుతుండె. దూరకపాయె."

"గప్పుడు క్లాసులు ఉంటయా?"

"ఉండయ్. చేతుల సర్వే సామాను గూడ లేకుండె. తాళం రాకపోయే వరకు గీ మెట్ల మీదనే కూసున్నడు. శానసేపు కూసున్నడు మేడం. చాయ్ తెమ్మంటరా సార్ అంటె ఇనవడనట్టే ఉండె."

యమున మెట్టు మీదనుంచి లేచింది. తాళం చెవి ఒకరి దగ్గరే ఉంది. ముద్ద కూరింది ఆ చెవి ఒక్కటీ పనిచెయ్యకుండా ఉండాలని.

ఆమె పరుగున దిగి ల్యాబ్ తలుపు తోసింది. లోపల విద్యార్థులు లేరు. క్లాసూ లేదు. బల్ల మీద రఘుపతి ఫోను, వాచీ, ఐడీ కార్డు, తాళాల గుత్తి పక్కపక్కన సర్ది ఉన్నాయి. వాటి వెనక కడిగి బోర్లించిన స్టీలు డబ్బా. మూత మీద చుక్కలతో కొట్టించిన పేరు: అనసూర్య.

"దాడి చేసేటోడు రోజు బువ్వ తెచ్చి పెడ్తడా చక్రపాణి గారూ?"

గుమ్మంలోకి వచ్చిన కమలకుమారి డబ్బాను చూసింది, ఆ వాచీని చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీటింగ్‌ల రఘుపతి సార్ ఏమన్నడు మేడం? రుత్విక్‌ను సస్పెండ్ చేసిన రోజు?"

"ఏమీ అనలేదండీ. ఎందుకు కూర్చుంటున్నావని మేం అడిగినప్పుడు ఆ అబ్బాయి రఘుపతి గారి వైపు చూశాడు. చూసి, 'ఊరికెనే' అన్నాడు." ఆమె డబ్బా మూత మీది పేరు మీద వేలు పెట్టింది. "నేను దాన్ని పొగరనుకున్నాను. మీరూ అక్కడే ఉన్నారు కదమ్మా."

ఉంది. ఆ చూపు యమున కూడా చూసింది. నిద్ర లేకపోవడం, తిండి మానడం, మనుషుల్లోకి రాకపోవడం, ఇలా మూడు రోజుల శిక్షణలో నేర్పిన గుర్తులన్నీ ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాయి. ఒక్కరూ పక్క కుర్చీ వైపు తల తిప్పలేదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు మాత్రం చూశాడు. చూసి, చేతనైన కాపలా కాశాడు. ఆ కాపలాను వీళ్లే పీకేశారు.

బల్ల మీది ఫోను మోగింది. తెలియని నంబరు. యమున ఎత్తి స్పీకర్ ఆన్ చేసింది.

"సార్, ఏడున్నరు? ఎనుక గేటు కాడ ఎంతసేపటి సంది..."

"రుత్విక్, నేను యమునను. ఎస్సైని."

లైను కట్ కాలేదు. 

"సార్ ఫోన్ నీ తానెందుకున్నది మేడం?"

"ఈడ పెట్టి పోయిండు. నువ్వు రాత్రి ఏడున్నవ్?"

"బసంత్‌నగర్ల, మా దోస్తు అన్న రూముల. ఇంటికి పోతె మళ్ల మీరు వస్తరని." కొంచెం ఆగి, "ఇది చాయ్ బండి సారవ్వ ఫోన్. పెట్టేస్తున్న."

"ఆగు. సార్ ఏడికి పోయి ఉంటడు?"

"ఎవ్వలికి చెప్పనని మాటిచ్చిన. మీకైతె అస్సలే చెప్ప."

గదిలో అందరూ వింటున్నారు. తలుపు దగ్గర ముత్యం, నర్సింగం కూడా. పక్కకు వెళ్లి మాట్లాడే వ్యవధి లేదు.

"రుత్విక్, తప్పు నాది," అంది యమున. "నిన్ను ఒక్కమాట సక్కగ అడగలే. మీ అమ్మ ముందల, వాడకట్టు ముందల నిన్ను దొంగ లెక్క నిలవెట్టిన. నన్ను మాఫ్ చెయ్యుమంట లేను. సార్ కోసం చెప్పు బిడ్డా."

కుర్రాడు మళ్లీ అడిగించుకోలేదు. 

"గోదారి కాడ. ఘాట్ మెట్లు దాటినంక అవుతలి దిక్కు. మనసు బాగలేనప్పుడు ఆడ కూసుంట అన్నడు. ఒకపారి నన్ను గూడ తోలుకపోయిండు. నేను గూడ వస్త మేడం."

"జల్ది పోవాలె. నువ్వు సారవ్వ బండి కాడనే ఉండు. ఎటూ పోకు. సార్‌ను నేను తీసుకొస్త."

ఆ మాట అంటున్నప్పుడు చక్రపాణి ఎక్కడ నిలబడి వింటున్నాడో ఆమె చూడలేదు.

* * *

రఘుపతి స్కూటర్ ఒడ్డు మీద ఉంది. అతను చివరి మెట్టు అవతల ఇసుకలో, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని కూర్చున్నాడు. యమున నర్సింగాన్ని పైనే ఆపి ఒక్కతే దిగింది. దగ్గరికి వెళ్లి, కాస్త ఎడంగా కూర్చుంది.

"రుత్విక్ పంపిండు సార్."

ఆ పేరుకు అతని భుజాలు కదిలాయి. ఏడుపు గొంతులోంచి కాదు, పొట్టలోంచి వచ్చింది. యమున ఆపలేదు.

"మీటింగ్‌ల వాడు నా దిక్కు చూసిండు మేడం," ముఖం తుడుచుకుని అన్నాడు. "నేను బల్ల దిక్కు చూసిన. నాకు పానం బాగలేదు, వాడు నా కోసమే కూసుంటుండు అని ఒక్కమాట అంటె అయిపోవు. సార్‌కు పిచ్చి లేసిందంటరని సిగ్గైంది. పోరణ్ణి పంపించేసిన్రు. నేను తల ఊపిన."

"నేను గూడ ఊపిన సార్. దవాఖానకు పోదాం. నేను మీతోనే ఉంట."

"దవాఖానకు పోత. కని నాకు నిద్ర పట్టంది ఒక్క దాని కోసమే కాదు." అతను ఇసుకలోకి చూస్తూ గొంతు తగ్గించాడు. "అంజి గది గొళ్లెం లోపల పెట్టి లేకుండె."

యమున అతని వైపు తిరిగింది. "నేను వచ్చేవరకు తలుపు పగిలి ఉన్నది. నా కండ్లతోని చూసిన."

"మీరు వచ్చింది ఆఖరుకు. నేను పోయినప్పుడు బయట గొళ్లెం పెట్టి ఉండె. నేనే తీసిన. లోపల పోరడు..." అతను తన అరచేతులు చూసుకున్నాడు. "వాని చేతులు వాచిపోయి ఉండె మేడం. ఎంతసేపు తలుపు కొట్టిండో. నన్ను కింద ఆఫీసుల కూసోవెట్టిన్రు. పైన చెక్క పగులుతున్న చప్పుడు నేను విన్న. ఒకాయన దిగొచ్చి, 'తలుపు విరగ్గొట్టి లోపలికి వెళ్లామని చెప్పండి, కాలేజీ పరువు' అన్నడు. భయమై చెప్పిన."

"ఎవరు?"

"పేరు తెల్వదు అప్పుడు. రెండు వారాలైనంక తెల్సింది. ట్రైనింగ్ ఇయ్య వచ్చిండు. మొదటి రోజే నా పక్క కుర్చీల కూసున్నడు."

పగిలిన చెక్క ఆమె కళ్ల ముందు నిలిచింది. అది ఏ వైపుకు చీలి ఉందో ఆ రోజు చూడలేదు. చూడాలని కూడా తోచలేదు. అప్పుడు కూడా కేసు తనదే.

జేబులో ఫోను మోగింది. చక్రపాణి.

"శుభవార్తండీ! మీ కుర్రాడు దొరికాడు. వెనక గేటు దగ్గర మా సెక్యూరిటీ వాళ్లు పట్టుకున్నారు. కాస్త గొడవ చేశాడు. అందుకని హాస్టల్లో ఒక గదిలో పెట్టి, బయట గొళ్లెం వేయించాను." తర్వాత చాలా మామూలుగా అడిగాడు. "రఘుపతి గారు కనిపించారా? ఏమైనా చెప్పారా?"

కదలకుండా ఉండమని రుత్విక్‌కు చెప్పింది తనే. నమ్మి అక్కడే ఉన్నాడు.

"లేదు," అంది యమున. గొంతు తొణక్కుండా చూసుకుంది. "ఇంక వెతుకుతున్నం."

కట్ చేసి కమలకుమారికి ఫోన్ చేసింది. రఘుపతి అప్పటికే లేచి, చెప్పులు చేత పట్టుకుని జీపు వైపు తడబడుతూ పరుగెత్తుతున్నాడు. ఆమె కూడా మెట్లెక్కుతూనే మాట్లాడింది.

"మేడం, రుత్విక్ హాస్టల్ గదిల ఉన్నడు. మీరే పోయి గొళ్లెం తియ్యుర్రి. ఇప్పుడే. ఎవ్వల్నీ అడగకుర్రి."

"కానీ చక్రపాణి గారు..."

"అంజి గది గొళ్లెం ఏ వైపున్నదో మీకు తెల్సు."

యమున జీపెక్కింది. రఘుపతి వెనక సీట్లోంచి ముందుకు వంగి ఫోనుకు చెవి ఆనించాడు. నర్సింగం గేరు మార్చాడు.

"ఆ రాత్రి నేను వద్దన్నానమ్మా," కమలకుమారి గొంతు ఏడుపులో మునిగింది. "అంజి గొడవ చేస్తున్నాడని సలహాకు ఆయన్ను పిలిపించాను. పొద్దున తల్లిదండ్రులు వచ్చేదాకా ఒంటరిగా ఉంచితే శాంతిస్తాడని ఆయనే చెప్పారు. పెద్దాయన, అనుభవం ఉన్నవాడు అనుకున్నాను. ఆయన మాట విన్నాను."

"అవన్ని తర్వాత. నడువుర్రి మేడం. ఫోన్ పెట్టకుర్రి."

అడుగులు వినిపించాయి. మెట్లు. ఆయాసం. ఎక్కడో తలుపు మీద దబదబ చరుస్తున్న చప్పుడు, క్రమంగా దగ్గరవుతూ. ఆ తర్వాత చక్రపాణి గొంతు: "మేడం గారూ, మీరు కిందికి వెళ్లండి. ఇది నేను చూసుకుంటాను."

"తప్పుకోండి."

"నేను చెప్పేది వినండి..."

"నిరుడు విన్నాను. తప్పుకోండి!"

ఇనుము మీద ఇనుము జారిన చప్పుడు. తలుపు గోడకు కొట్టుకుంది. పెనుగులాటలాంటి అలికిడి, ఎవరో మెట్లు దిగుతూ పరుగెత్తిన చప్పుడు. అంతలో ఫోనులోకి కుర్రాడి గొంతు వచ్చింది.

"సార్ దొరికిండా మేడం?"

యమున ఫోను రఘుపతి చేతికిచ్చింది. అతను రెండు చేతులతో పట్టుకున్నాడు.  "ఉన్నరా," అన్నాడు. "ఈడనే ఉన్న."

వెనకనుంచి కమలకుమారి కేక వినిపించింది. చక్రపాణి తెల్ల కారు గేటు దాటుతోందట. రఘుపతి ఎక్కడుంటాడో ల్యాబ్‌లో రుత్విక్ ఫోనులో చెప్పినప్పుడు ఆయన మొత్తం విన్నాడు. ఘాట్ నుంచి కాలేజీకి ఉన్నది ఒకటే దారి.

కాసేపటికి ఎదురుగా దుమ్ము రేపుకుంటూ వస్తున్న తెల్ల కారును నర్సింగం ముందుగా చూశాడు.

"మేడం," అన్నాడు మెల్లగా, "అది మన దిక్కే వస్తున్నది."